తిప్పని కాగితం

జూన్ 12

వాన మొదలైంది. అరకులో జూన్ వానంటే ఉప్పు దగ్గర్నుంచి దుప్పటి దాకా అన్నీ చెమ్మగిల్లాల్సిందే. ఇక కాగితం సంగతి చెప్పేదేముంది! పొద్దున ఇత్తడి పలకలో కాగితం బిగించి నాలుగు వరసలు పొడిచాను. సూది దిగుతోంది, టక్కుటక్కుమని చప్పుడూ వస్తోంది. తీసి, తిప్పి, వేలు పెడితే చుక్కలు సరిగ్గా లేవలేదు. ఉన్నాయి, కానీ మెత్తగా ఉడికిన అన్నంలా ఒకదాన్నొకటి అంటుకుపోయి ఉన్నాయి. అంతా చెమ్మ మహిమ.

రిటైరై ఐదేళ్ళయినా రోజుకో పేజీ పొడవకపోతే నాకు తోచదు. నాలాగే చూపులేని పిల్లలకు బ్రెయిలీ పలకా సూదీ పట్టించి ముప్పైనాలుగేళ్ళు బతికినదాన్ని. అందరూ స్లేటు, స్టైలస్ అంటారు. మా హాస్టల్లో మాత్రం పలక, సూది అనే అనేవాళ్ళం. ఈ ఇంట్లో నేను రాసింది చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఈ డైరీలో ఉన్న సుఖం అదే. తమ్ముడి కూతురు సుజానా మంచిదే, కానీ కళ్ళున్నవాళ్ళకు కనిపించిందల్లా చదివెయ్యాలనే దురద ఉంటుంది.

రాసింది మళ్ళీ చదువుకునే అలవాటు నాకు ఎప్పుడూ లేదు.

జూన్ 14

ఈశ్వరమ్మ దగ్గర్నుంచి ఉత్తరం. ఐదేళ్ళ తరవాత.

పోస్టుమాన్ కామేష్ తెచ్చి చేతిలో పెట్టాడు. "స్టాంపు లేదమ్మా, మీ సుక్కల ఉత్తరవే. సింతపల్లి ముద్దరుంది," అన్నాడు. చుక్కల ఉత్తరానికి పోస్టు ఖర్చు లేదు. చింతపల్లిలో నాకున్నది ఒక్కతే మనిషి.

కవరు విప్పకముందే బొటనవేలితో నొక్కి చూశాను. అంత బలంగా పొడిచేది దాన్ని మించి ఎవరూ లేరు. హాస్టల్లో దాని పోట్లకు కాగితం చిరిగేది, కింద చెక్కకు కూడా గుంటలు పడేవి. గ్రేసమ్మగారు మా హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ వెనక నుంచొని, "రాస్తున్నావా, మేకులు కొడుతున్నావా?" అనేవారు. ఈశ్వరమ్మ ఏమాత్రం తగ్గేది కాదు. "మేకులే కొడతన్నానండి, ఊడిపోకండా ఉంటాయని," అనేది.

మూడు కాగితాలు. చదవబోతే ఒక్క అక్షరమూ విడిగా తెలియలేదు. పోస్టులో ఎక్కడో మూటల కింద పడి అణిగిపోయినట్టున్నాయి. వాన తగ్గాక పొయ్యి దగ్గర ఆరబెట్టి చదువుతాను.

జూన్ 15

ఉత్తరం చదవలేదు. వాన తగ్గలేదు.

జూన్ 23

సుజానా ఇంటి ముందు టూరిస్టులకు కాఫీ, బొంగు చికెన్ అమ్ముతుంది. ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు దానికి. అయినా మందపాటి కాగితం కావాలంటే పాత క్యాలెండర్లు, పెళ్ళికార్డులు, చర్చిలో మిగిలిన పోస్టర్లు ఒక కట్ట తెచ్చి పడేసింది. అన్నిటిమీదా పొడిచి చూశాను.

"ఏటత్తా, ఏది తెచ్చినా బాగోనేదంటావు. ఫోనుంది గదా, నువ్వు మాటాడితే అదే రాసుకుంటాది," అంది.

"నేను మాట్లాడితే నీ బేరాలవాళ్ళంతా వింటారు. పొడిస్తే నేనొక్కదాన్నే వింటాను," అన్నాను.

"ఎవులన్నా ఇంటే ఏటైపోద్ది, నీకేటి రాస్యాలు?"

దానికేం తెలుసు! అరవై మూడేళ్ళ మనిషికి రహస్యాలు ఉండకూడదని ఎక్కడా రాసిలేదు.

క్యాలెండరు కాగితం మీద కూడా చుక్కలు లేవలేదు. అంటే తప్పు కాగితంది కాదు, సూదిది. నలభై ఆరేళ్ళ సూది. మొన అరిగిపోయి ఉంటుంది. ముందే ఎందుకు తోచలేదో.

జూన్ 27

సంతలో కత్తులు సానపట్టే గాసికి సూది ఇచ్చాను. తన పనితనమంతా దానిమీదే చూపించాడు. ఇప్పుడది చుక్క లేపడం లేదు, బొక్క పెడుతోంది. కాగితం జల్లెడైంది. సుజానా పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

పెట్టెలో పాత చెక్కపిడి సూది ఇంకోటి ఉంది, దాంతో రాస్తున్నాను. ఈశ్వరమ్మ ఉత్తరం పొయ్యి పైన అటక మీద ఆరుతోంది. ఇంకా తడి పోలేదు.

జూలై 3

వాన.

జూలై 19

ఇవాళ సుజానా చేసిన రభస అంతా ఇంతా కాదు. నేను స్టీలు గ్లాసుతో కాఫీ తాగుతున్నాను. చెయ్యి చూసి కేక పెట్టింది.

"ఓలమ్మ! అత్తా, ఏళ్ళు బొబ్బలెక్కిపోనాయి! కాల్తంటే తెలీనేదా నీకు?"

తెలియకేం, తెలిసింది. కాస్త ఆలస్యంగా తెలిసింది, అంతే. వేరే ఆలోచనలో ఉన్నాను.

బలవంతాన ఆటో ఎక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. షుగరు పదేళ్ళ నుంచి ఉన్నదే, కొత్తేమీ కాదు. డాక్టరమ్మ నా చెయ్యి బల్లమీద పెట్టించి, "వేళ్ళ చివర సన్నటి దారం ఆనిస్తాను, తగలగానే చెప్పండి," అంది. సరేనన్నాను. చాలాసేపు కూర్చున్నాం. బయట ఎవరో దగ్గుతున్నారు. "ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అని అడిగాను. సుజానా నా భుజం గట్టిగా పట్టుకుంది.

మాత్రలు రాసింది. కొండ మీద చలికి వేళ్ళు మొద్దుబారడం మామూలే.

ఆగస్టు 2

పైడితల్లి ఫోన్ చేసింది. గుమ్మలక్ష్మీపురం నుంచి ఆరేళ్ళ వయసులో వచ్చి నా క్లాసులో చేరిన పిల్ల. ఇప్పుడు అదే మిషన్ స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతోంది.

"టీచర్, మన స్కూలుకి డెబ్బై అయిదేళ్ళు. పాత పలకలు, సూదులు, లెక్కల పలకలు అన్నీ బల్లల మీద పెడతన్నాం. ఇప్పటి గుంటపిల్లలకి మిషన్లూ కంప్యూటర్లూ తప్ప తెలీదు. మీరొచ్చి స్టేజి మీద మీ ఇత్తడి పలకతోటి ఒక పేజీ రాసి, సదివి సూపించాల."

సరేనన్నాను. అనేశాను.

ఫోను పెట్టేశాక స్కూలంతా కళ్ళ ముందుకు, కాదు, చెవుల ముందుకు వచ్చింది. ముప్పై మంది పిల్లలు ఒకేసారి పొడుస్తుంటే రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుండేది. పలక పని మొదట ఎవరికీ ఒక పట్టాన అర్థం కాదు. కాగితం వెనక నుంచి పొడుస్తాం గనక కుడి నుంచి ఎడమకు వెళ్ళాలి, ఒక్కో అక్షరాన్నీ తిరగేసి పొడవాలి. అయ్యాక కాగితం తీసి తిప్పాలి. అప్పుడు గుంటలు చుక్కలవుతాయి, ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. తిప్పడం మరిచిపోతే చేతికి గుంటలే తగులుతాయి. పైడితల్లి నెల రోజులపాటు మరిచిపోయేది. "టీచర్, నా అచ్చరాలు లోపలికెల్లిపోనాయి," అని రాగం తీసి ఏడ్చేది. "కాగితం తిప్పారా?" అని ముప్పైనాలుగేళ్ళు అరిచాను. స్కూలు గేటు అవతల సోడాలమ్మేవాడు కూడా నన్ను చూస్తే అదే అనేవాడు.

ఆ ఇత్తడి పలక వ్యాసరచనలో నాకు వచ్చిన బహుమతి.

ఆగస్టు 10

మా రోజుల్లో ఇద్దరు పిల్లలకు ఒక పలక. నాకూ ఈశ్వరమ్మకూ కలిపి ఒక రేకు పలక ఉండేది, బందు ఊడిపోతే పురికొస కట్టాం. అది ఒక వరస పొడిస్తే నేను ఒక వరస. నావి సన్నటి చుక్కలు, దానివి మేకులు. కాగితం ఇస్తే ఎక్కడ నేను ఆగానో ఎక్కడ అది మొదలుపెట్టిందో నిద్దట్లో కూడా చెప్పగలిగేదాన్ని. కళ్ళున్నవాళ్ళకు చేతిరాత ఉన్నట్టే మాకూ ఉంటుంది. ఈ సంగతి గ్రేసమ్మగారికి చివరిదాకా తెలియదు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారి ప్రసంగం రెండు గంటలు. కదలకూడదు, మెదలకూడదు. ఈశ్వరమ్మ నా జాకెట్టు చెయ్యి పైకి లాగి మోచేతి దగ్గర గోటితో చుక్కలు పొడిచేది. ఎప్పుడూ ఒకటే మాట: ఆకలి. చుక్కల్లో గుడికి కూడా వేరే గడి ఉంటుంది కాబట్టి నాలుగు గడులు, పది పోట్లు. పాస్టరుగారు ఉపవాసం గురించి చెబుతున్నప్పుడు కూడా అదే. నేను కిసుక్కున నవ్వి దొరికిపోయేదాన్ని. గోడకుర్చీ నాకు, దానికి మాత్రం ఏమీ లేదు. చుక్కలు చదవలేని పెద్దలు నేరం ఎవరిదో కనిపెట్టలేరు కదా.

ఎంత హాయిగా ఉండేది! అప్పుడు మాకున్నవి సగం పలక, సగం సూది, చారెడు అన్నం. అయినా ఆ రోజులు మళ్ళీ ఇస్తామంటే ఇప్పుడున్నదంతా వదిలేసి పోతాను.

ఆగస్టు 17

ఇక్కడైనా నిజం రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

పదిహేడేళ్ళప్పుడు వ్యాసరచన పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళకు ఇత్తడి పలక, ఆపైన టీచర్ ట్రైనింగు. అంశం 'కొండ మీద వాన'. మేం రాసినవి గ్రేసమ్మగారు పోగుచేసి, మర్నాడు సభలో ఎవరిది వాళ్ళకిచ్చి చదవమన్నారు. ఎవరిది ఎవరిదో ఆవిడకేం తెలుసు? సిరాతో పేర్లు రాసుకోవడం మరిచిపోయారు. నా చేతిలో పెట్టిన కాగితం మీద వేలు పెట్టగానే గుచ్చుకుంది. మేకులు. అది ఈశ్వరమ్మది.

"అమ్మగారూ, ఇది నాది కాదు," అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. మొదటి వాక్యం చదివాను. అంత బాగున్నదాన్ని ఆపలేకపోయాను. ఆపాలనీ అనుకోలేదు, ఇది కూడా రాయాలి.

'వాన వెలిశాక చెట్లు ఒక్కొక్కటే మాట్లాడతాయి. పనసాకు మీది చినుకు ధబ్బున పడుతుంది. వెదురు మీది చినుకు జారుతుంది, చప్పుడుండదు. ఏ చెట్టు ఎక్కడుందో, ఎంత ఎత్తుందో వానే చెబుతుంది. కళ్ళున్నవాళ్ళకు కొండ ఎప్పుడూ ఉంటుంది. నాకు వాన వెలిశాకే వస్తుంది.'

దీని తరవాత ఇంకో వాక్యం ఉంది. అది చదవలేదు. ఇక్కడ రాయాల్సిన పనీ లేదు.

నా తరవాత ఈశ్వరమ్మ లేచి తన చేతిలో ఉన్నది చదివింది. అది నేను రాసింది. రైతులకు వాన వల్ల లాభాలు. ఒక్క తప్పు లేకుండా, నాకంటే బాగా చదివింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. నాతో కూడా. అది చింతపల్లి వెళ్ళి కాఫీ తోటల్లో పళ్ళు ఏరుకుంది. నేను టీచరునయ్యాను. ఏటా నాలుగు ఉత్తరాలు రాసుకున్నాం. ఈ సంగతి ఎప్పుడూ రాలేదు.

నా రిటైర్మెంట్ సభకు అది కొండ దిగి వచ్చింది. స్టేజి ఎక్కిన సంబరంలో నేను ఆ వ్యాసం మొత్తం అప్పజెప్పాను, మళ్ళీ ఆ చివరి వాక్యానికి ముందే ఆపి. చప్పట్లు అయ్యేసరికి ఈశ్వరమ్మ లేదు. భోజనం కూడా చెయ్యలేదట. అప్పట్నుంచి ఉత్తరం లేదు, మొన్న జూన్ దాకా.

ఆ ఉత్తరంలో ఏముంటుందో నాకు తెలుసు. అందుకే ఇంకొకరి చేత చదివించను.

ఆగస్టు 30

ఉత్తరం రేపు చదవాలి.

సెప్టెంబరు 18

స్కూలు నుంచి ఇప్పుడే గెస్ట్‌రూముకి వచ్చాను. రాయాలి.

మామిడి చెట్ల కింద షామియానా వేశారు. స్టేజి మీద కుర్చీ, బల్ల. పలకలో కాగితం బిగించి పొడిచాను. షామియానా అంతా నిశ్శబ్దం, మైకులో నా పోట్లే టక్కుటక్కుమంటున్నాయి. ఎంత బాగుందో. ఏం రాయాలో ముందు అనుకోలేదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. వాన వెలిశాక చెట్లు ఒక్కొక్కటే మాట్లాడతాయి. మళ్ళీ అదే రాశాను.

కాగితం తీశాను. కమిటీ పెద్దాయన ఒకరు అందుకుని, పైకెత్తి జనానికి చూపించి, తిరిగి నా ముందు పెట్టారు. ఫ్యాను గాలికి ఎగరకుండా పైడితల్లి పక్కన నిలబడి అంచు పట్టుకుంది. వేళ్ళు కాగితం మీద పెట్టాను. ఎప్పటిలాగే వరస వెంట జరుపుతూ చదివాను. చదివాననే అనుకున్నారు. ఒకటే చప్పట్లు. మంత్రిగారి తరఫున ఎవరో శాలువా కప్పారు.

భోజనాల దగ్గర పైడితల్లి నన్ను పక్కకు తీసుకెళ్ళింది. చెవి దగ్గర మెల్లగా అంది.

"టీచర్, కాగితం తిప్పనేదు."

"ఏ కాగితం?"

"మీరు సదివింది. ఆయన తిరగేసి పెట్టేసినాడు. గుంటలున్న యేపే సదివినారు మీరు. మొదట్నించీ సివరి దాకా."

అది నా కుడిచెయ్యి తీసుకుని వేళ్ళ చివరలు ఒక్కొక్కటే నిమిరింది. నిమిరిందని వేలి కణుపుల దగ్గర తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి టీచర్?"

"ఏమిటి ఎన్నాళ్ళ నుంచి? చేతికి జిడ్డు..." అన్నాను.

"నానెవులికీ సెప్పను," అంది. నెల రోజులు ఏడ్పించి తిప్పడం నేర్పాను దానికి.

సెప్టెంబరు 19

నా వేళ్ళు పోయాయి. కాగితం బాగానే ఉంది. సూదీ బాగానే ఉండేది.

సెప్టెంబరు 21

తట్టు వచ్చి కళ్ళు పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. ఏడ్చిన గుర్తు లేదు. అమ్మ ఏడ్చిందట. ఇప్పుడు నేనే ఏడుస్తున్నాను, సుజానా కాఫీ కాస్తూ వింటోందని తెలిసీ ఏడుస్తున్నాను. పుస్తకం లేదు, బైబిల్ లేదు, ఉత్తరం లేదు. కళ్ళు రెండోసారి పోయాయి.

మొదటి రోజు ఇక్కడ ఒక అబద్ధం రాశాను. రాసింది మళ్ళీ చదువుకునే అలవాటు లేదని. యాభై ఏళ్ళుగా ప్రతి సాయంత్రం చదువుకున్నాను. ఆ రోజు చదవలేకపోయాను, అంతే.

ఇప్పుడు ఈ పేజీలో ఎక్కడ వరస తప్పానో, ఎక్కడ గడి మీద గడి పొడిచానో తెలియదు. పొడవడం మాత్రం మణికట్టుకు తెలుసు, సూది చప్పుడు చెవికి తెలుసు. అందుకే రాస్తున్నాను.

అక్టోబరు 4

దసరా సెలవులకు పైడితల్లి వచ్చింది. పిలవలేదు, అదే వచ్చింది. సుజానా కట్టెల పొయ్యి మీద వేడినీళ్ళు పెట్టి, అల్లం టీ ఇచ్చి, తను దుకాణంలోకి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నట్టున్నారు.

"టీచర్, సదవకండా ఉండిపోయినవి ఏటైనా ఉన్నాయా?" అంది.

చాలాసేపు లేదన్నాను. తరవాత లేచి అటక మీంచి కవరు తీశాను. నాలుగు నెలల పొయ్యి వేడికి కాగితం అప్పడంలా అయింది.

పైడితల్లి వేలు పెట్టగానే, "ఓలమ్మ, ఎవులు టీచర్ ఈవిడ? గుచ్చుకుంటంది," అంది. మేకులు అణగలేదన్నమాట. అదీ ఊరట అనిపించింది. అది చదివింది, నేను విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

'దెబోరా,

నేను చావలేదు. ముందు ఇది చెప్పాలి, ఐదేళ్ళలో నువ్వు అడగలేదు గనక.

కిందటేడు వానలు తక్కువ పడ్డాయనుకున్నాను. తమ్ముడితో అంటే నవ్వాడు. రేకుల మీద దడదడలాడిపోతోందట. తగ్గింది వాన కాదు, నా చెవులు. విశాఖపట్నం తీసుకెళ్ళి చూపించారు. ఇంకో ఏడాది ఉంటాయో ఉండవో అన్నారు.

ఆ రోజు నా చేతికి నీ కాగితం వచ్చింది. నీ సన్న చుక్కలు నాకు తెలియవా? నువ్వు చదువుతున్నది నాదని నీ మొదటి మాటకే తెలుసు. నోరెత్తలేదు. మీ నాన్న ఆ వారంలోనే నిన్ను బడి మాన్పించడానికి వస్తానన్నాడు. బహుమతి వస్తే మాన్పించడులే అనుకున్నాను. నాకు తోట ఉంది, తమ్ముళ్ళున్నారు. నీకు ఆ బడి తప్ప ఏముంది? పలక కోసం నేనెప్పుడూ ఏడవలేదు.

కానీ చివరి వాక్యం ఎందుకు తీసేశావే? ఇలా వినమని నాకు మొదట చెప్పింది దెబోరా అని రాశాను. నీ పేరు రాశాను. సరిగ్గా నీ పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయావు. పిల్లతనం, భయం, సరే. ముసలిదానివై స్టేజి ఎక్కి కూడా అక్కడే ఆగిపోయావు. అందుకే అన్నం తినకుండా వచ్చేశాను. సాంబారు వాసన ఘుమఘుమలాడుతోంది కూడా.

ఈ ఏడు కాఫీ పళ్ళు ఎర్రబడేలోగా రా. ఆ వాక్యం నీ నోటితో ఒక్కసారి చెప్పు. చెవులుండగా వినాలి.

ఈశ్వరమ్మ'

పైడితల్లి కాగితాలు మడిచి నా ఒళ్ళో పెట్టింది. "ఎల్దాం టీచర్," అంది.

నాలుగు నెలలు. నాలుగు నెలలు అటక మీద పెట్టి ఆరబెట్టాను.

అక్టోబరు 5

'వస్తున్నాను' అని ఒక్క మాట పొడిచి, పైడితల్లి చేత సరిచూయించి, పోస్టు చేశాను.

అక్టోబరు 13

ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డాయి. జీపులు తిరగడం లేదు. సుజానాకు జ్వరం కూడా.

అక్టోబరు 22

మళ్ళీ వాన. జీపు స్టాండులో డ్రైవర్ని అడిగితే, "బేగి ఎల్లిపోవాలంటే ఎలాగమ్మా, రోడ్డు ఉండాల గదా," అంటాడు. కాఫీ పళ్ళు ఎర్రబడితే? రోజూ సుజానా చేత పెరట్లో చెట్టు చూపిస్తున్నాను. "ఇంకా పచ్చగానే ఉన్నాయత్తా," అంటోంది. నన్ను ఊరుకోబెట్టడానికి అంటోందేమో.

నవంబరు 3, చింతపల్లి

ఈ పేజీ ఈశ్వరమ్మ చదువుతుంది. తెలిసే రాస్తున్నాను.

సుజానా దుకాణం మూసి నాతో వచ్చింది. పాడేరు దాకా బస్సు, అక్కణ్ణుంచి జీపు. పన్నెండు మందిమి, రెండు మేకలు. ఒళ్ళో ఇత్తడి పలక పెట్టుకుని కూర్చున్నాను. మలుపు తిరిగినప్పుడల్లా అది మోకాలికి తగులుతోంది. ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. చివరికి ఆ ఒక్క వాక్యమే మిగిలింది.

దిగగానే ముక్కుకు తెలిసిపోయింది. తోలు తీసిన కాఫీ పళ్ళ పులుపు వాసన. "ఎర్రగున్నాయి అత్తా, అన్నీ ఎర్రగున్నాయి," అని సుజానా చిన్నగా అంది.

ఈశ్వరమ్మ కాఫీ ఆరబోసే కళ్ళంలో కూర్చుని పళ్ళు ఏరుతోందట. దాని మరదలు తీసుకెళ్ళింది. నేను పక్కన కూర్చుని, "ఈశ్వరమ్మా, నేనే," అన్నాను. పళ్ళు గంపలో పడుతున్న చప్పుడు ఆగలేదు. మరదలు దాని భుజం తట్టి నా చేతిని దాని చేతిలో పెట్టింది. వేళ్ళు తడిమింది, ఉంగరం తడిమింది.

"దెబోరావేటే?" గట్టిగా అరిచింది. చెవులు తగ్గినవాళ్ళు అలాగే అరుస్తారు.

నేను దాని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "ఇలా వినమని నాకు మొదట చెప్పింది దెబోరా."

"ఏటి?"

ఇంకా గట్టిగా చెప్పాను. కళ్ళంలో మాటలన్నీ ఆగిపోయాయి.

"ఏటంటన్నావే? ఇనపడ్డం నేదు."

మూడోసారి గొంతు చించుకున్నాను. కొండకు తగిలి తిరిగొచ్చింది. పళ్ళు కోసేవాళ్ళు పై తోటలోంచి ఎవరో అరిచారని అనుకున్నారు. నా పక్కన సుజానా ముక్కు ఎగబీలుస్తోంది.

"దసరా ఎల్లినాక పూర్తిగా పోనాయే," అంది ఈశ్వరమ్మ. "నీ కాగితం వొచ్చినాది. వొస్తన్నావని ఎదురుసూసినాను. ఆలీసం సేసినావు."

తిట్టినట్టు కూడా అనలేదు. అదే నాకు తట్టుకోలేనంత అయింది. జూన్‌లో ఒక్కరిని అడిగి ఉంటే వినగలిగేది. కాగితం మీదా, సూది మీదా, వాన మీదా నెపం పెట్టుకుంటూ కూర్చున్నాను. నా సిగ్గు కోసం దాని చెవుల్ని ఖర్చు చేశాను.

సంచీలోంచి పలక తీశాను. కాగితం బిగించాను. కుడి నుంచి ఎడమకు, తిరగేసి, ఒక్కో అక్షరం పొడిచాను. చివర నా పేరు. కాగితం తీసి, చుక్కలు ఎటు పొడుచుకొచ్చాయో వేళ్ళతో కాదు, కింది పెదవికి ఆనించి చూసుకున్నాను. తిప్పాను. దాని చేతికిచ్చాను.

వేలు కాగితం మీద గరగరమని కదలడం వినిపించింది. వరస చివరికి వచ్చి ఆగింది. నేను ఆగిన చోటే. తరవాత అది బిగ్గరగా, కళ్ళమంతా వినేలా చదివింది.

"దెబోరా."

ఇంకోసారి వేలు వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చదివింది. "ఇంకా సన్నంగానే పొడుస్తన్నావు. తిండి నేనట్టు," అంది.

పలక దాని ఒళ్ళో పెట్టాను. చేత్తో తూచింది. నాకే తిరిగిచ్చేసింది. "నాకెందుకే ఇది? నువ్వు పొడువు, నాను సదువుతాను. నాను మాటాడతాను, నువ్వు ఇను. సరిపోనాది గదా."

అప్పుడు ఇంకో వరస పొడిచాను. ఎవరికీ నేనై నేను చెప్పనిది. 'నా వేళ్ళు పోయాయి. నీ ఉత్తరం నేను చదవలేదు, చదివించుకున్నాను.'

చదివింది. పళ్ళ గంప పక్కకు జరిపిన చప్పుడైంది. నా ఎడమచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. స్వెట్టరు చెయ్యి మోచేతి దాకా పైకి తోసింది. కాఫీ రసంతో జిగురుగా ఉన్న గోటితో పొడవడం మొదలుపెట్టింది. మూడు. రెండు. మూడు. రెండు.

అదే పాత మాట. పది పోట్లూ వేటికవే విడివిడిగా తెలిశాయి. నాకు నవ్వొచ్చింది. పాస్టరుగారు లేరు కాబట్టి పైకే నవ్వాను.

మరదలు లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది.